ఫ్యూజన్‌కు బ్లాంకెట్ ఇంజనీర్లు కావాలి

కేంద్రక సంలీనం మీద, అంటే ఫ్యూజన్ మీద మనసుపడ్డ విద్యార్థుల్లో చాలామంది ప్లాస్మా ఫిజిక్స్ వైపే చూస్తారు. వచ్చే వార్తలు అలాంటివి మరి. 2023లో ఇంగ్లండ్‌లోని జెట్ ఫ్యూజన్ యంత్రం 0.2 మిల్లీగ్రాముల ఇంధనంతో 69 మెగాజౌళ్ల శక్తిని రాబట్టింది. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని వెస్ట్ యంత్రం ప్లాస్మాను 1,337 సెకన్ల పాటు నిలబెట్టింది. ఇవి ప్లాస్మా సాధించిన విజయాలు, గొప్ప విజయాలే. కానీ ఆ ప్లాస్మా చుట్టూ ఉండాల్సిన ఒక భాగం గురించి ఎవరూ రాయరు. అది ఇంతవరకు ప్రపంచంలో ఏ రియాక్టర్‌లోనూ పూర్తిస్థాయిలో పనిచేయలేదు మరి. దాని పేరు బ్రీడింగ్ బ్లాంకెట్. వేడిని బయటికి తీసేదీ, రియాక్టర్‌కు కావాల్సిన ఇంధనాన్ని పుట్టించేదీ, వెనకనున్న అయస్కాంతాలను న్యూట్రాన్ల బారి నుంచి కాపాడేదీ అదే. ఫ్యూజన్‌లోకి రావాలనుకునే మెకానికల్, కెమికల్, మెటలర్జీ విద్యార్థులు గురిపెట్టాల్సింది ఈ భాగం మీదేనని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ చేయాల్సిన పని చాలా ఉంది, చేసేవాళ్లు తక్కువ. పైగా దీనికోసం నేర్చుకున్న విద్య ఫ్యూజన్ ఆలస్యమైనా అక్కరకొస్తుంది.

ముందు ఇంధనం లెక్క చూద్దాం. ఇవాళ్టి డిజైన్లలో ఎక్కువ భాగం డ్యుటీరియం, ట్రిటియం అనే రెండు రకాల హైడ్రోజన్‌ను కలిపేవే. డ్యుటీరియం నీళ్లలోనే ఉంటుంది. తెలంగాణలోని మణుగూరు భారజల కర్మాగారం దశాబ్దాలుగా చేస్తున్న పని డ్యుటీరియం ఉన్న నీటిని వేరుచేయడమే. చిక్కంతా ట్రిటియంతోనే. దాని అర్ధజీవితకాలం 12.3 ఏళ్లు, కాబట్టి నిల్వ పెట్టుకున్నా ఏటా ఐదున్నర శాతం దాకా తరిగిపోతుంది. ప్రకృతిలో అది దొరికేది నామమాత్రం. పౌర అవసరాలకు అందుబాటులో ఉన్నది ప్రపంచం మొత్తం మీద ఇరవై అయిదు, ముప్పై కిలోలకు మించదని అంచనా. అందులో అధిక భాగం కెనడా భారజల రియాక్టర్లలో ఉపఉత్పత్తిగా వచ్చిందే. ఇక ఖర్చు వైపు చూస్తే, ఒక గిగావాట్ ఫ్యూజన్ శక్తిని ఏడాది పొడవునా ఉత్పత్తి చేయాలంటే దాదాపు 56 కిలోల ట్రిటియం కావాలి. రోజుకు సుమారు 150 గ్రాములు. అంటే ప్రపంచంలో ఉన్న నిల్వంతా పోసినా ఒక్క రియాక్టర్ ఏడాది కూడా నడవదు. ఏ రియాక్టర్‌కు కావాల్సిన ట్రిటియాన్ని ఆ రియాక్టరే తయారుచేసుకోవాలి. ప్లాస్మా ఎంతసేపు నిలిచినా, ఎంత వేడెక్కినా ఈ లెక్క మారదు.

ఆ తయారీ జరిగేది బ్లాంకెట్‌లో. డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు 17.6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుంది. అందులో 14.1 న్యూట్రాన్ పట్టుకుపోతుంది. అంటే శక్తిలో ఎనభై శాతం. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు కనుక అయస్కాంతం దాన్ని ఆపలేదు. అది నేరుగా గోడలోకి దూసుకెళ్తుంది. ఆ గోడలో లిథియం-6 ఉంటే న్యూట్రాన్‌ను మింగి హీలియం, ట్రిటియంగా విడిపోతుంది, ఇంకాస్త వేడిని కూడా ఇస్తుంది. ఒక ఫ్యూజన్ జరిగితే ఒక ట్రిటియం ఖర్చవుతుంది, ఒక న్యూట్రాన్ పుడుతుంది. ఆ ఒక్క న్యూట్రాన్‌తో కనీసం ఒక ట్రిటియం తిరిగి రావాలి. కానీ కొన్ని న్యూట్రాన్లను ఉక్కు పీల్చేస్తుంది, కొన్ని ప్లాస్మాను వేడిచేసే గొట్టాల రంధ్రాల గుండా జారిపోతాయి. అందుకని ఒక న్యూట్రాన్‌ను రెండు చేసే బెరీలియాన్నో సీసాన్నో కలుపుతారు. పుట్టిన ట్రిటియానికీ ఖర్చయిన దానికీ ఉన్న నిష్పత్తిని ట్రిటియం బ్రీడింగ్ రేషియో అంటారు. నష్టాలన్నీ పోను అది ఒకటి కంటే పైన ఉండి తీరాలి కాబట్టి డిజైనర్లు సాధారణంగా 1.05 నుంచి 1.15 మధ్య గురిపెడతారు. మిగులు అంత సన్నం. ఒక పైపు మందం పెంచితే ఆ మిగులు కరిగిపోవచ్చు.

ఇక్కడే కూలింగ్ డిజైన్ మెడకు చుట్టుకుంటుంది. వేడిని తీయడానికి నీళ్లు వాడాలా, హీలియం వాడాలా, ద్రవలోహమా, కరిగిన లవణమా అన్నది ఒక్క ఉష్ణ బదిలీ ప్రశ్న అయితే పాఠ్యపుస్తకం చాలేది. యూరప్ వాళ్లు నీళ్లతో చేసే డిజైన్‌లో 155 బార్ పీడనం, 295 నుంచి 328 డిగ్రీల ఉష్ణోగ్రత తీసుకుంటారు. ఇవాళ్టి అణు విద్యుత్ కేంద్రాల్లో నడుస్తున్న పరిస్థితులే ఇవి కాబట్టి పంపులు, వాల్వులు, అనుభవం అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కానీ పైపు చిల్లిపడి ఆ నీళ్లు లిథియం ఉన్న ద్రవలోహాన్ని తాకితే రసాయన చర్య జరిగి హైడ్రోజన్ పుడుతుంది. అందుకే పైపులకు రెండు గోడలు పెడతారు. ఉష్ణోగ్రత పరిమితం కనుక విద్యుత్తుగా మారే వాటా కూడా పరిమితమే. హీలియం దేనితోనూ చర్య జరపదు, ఇంకా వేడిగా 500 డిగ్రీల పైకి వెళ్లొచ్చు. అయితే అది పలుచని వాయువు. 80 బార్‌కు ఒత్తినా సరే, చాలినంత వేడిని మోయాలంటే పెద్ద వేగంతో తోయాలి. వచ్చిన కరెంటులో గణనీయమైన భాగం దాన్ని తిప్పడానికే పోతుంది. ఏది ఎంచుకున్నా ఒక చోట లాభం, ఇంకో చోట నష్టం. ఈ బేరీజు వేయగలిగిన ఇంజనీరే ఈ రంగానికి కావాల్సింది.

లిథియాన్ని ఏ రూపంలో పెట్టాలన్నది ఇంకో మలుపు. ఘనరూపంలో పెట్టేవాళ్లు లిథియం టైటనేట్ లాంటి సిరామిక్‌ను మిల్లీమీటరు సైజు గుళికలుగా చేసి పెట్టెల్లో నింపుతారు. ఆ గుళికల మధ్య నుంచి నెమ్మదిగా సాగే హీలియం ప్రవాహం పుట్టిన ట్రిటియాన్ని ఊడ్చుకుపోతుంది. గుళిక మరీ చల్లగా ఉంటే ట్రిటియం లోపలే చిక్కుకుంటుంది. మరీ వేడెక్కితే గుళికలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. స్థూలంగా 400, 900 డిగ్రీల మధ్య వాటిని ఉంచాలి. గుళికలు ఒకదాన్నొకటి తాకేది చిన్న చుక్కల దగ్గరే కాబట్టి వేడి వాటి గుండా సరిగా పారదు. పెట్టె మధ్యలో మండిపోతూ, అంచున చల్లగా ఉండే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ద్రవరూపంలో అయితే సీసం, లిథియం కలిసిన మిశ్రమాన్ని వాడతారు. అది 235 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందులో సీసమే న్యూట్రాన్లను పెంచుతుంది కాబట్టి బెరీలియం అక్కర్లేదు. కానీ విద్యుత్తును ప్రవహింపజేసే ద్రవం బలమైన అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా పారితే అందులో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు మీద అయస్కాంత క్షేత్రం ఎదురు బలం ప్రయోగిస్తుంది. పంపు ఎంత తోసినా ద్రవం మొరాయిస్తుంది. దీన్ని తగ్గించడానికి పైపు లోపల విద్యుత్తును అడ్డుకునే సిలికాన్ కార్బైడ్ తొడుగులు పెట్టాలని ఒక ఆలోచన. ఇవన్నీ ఇంకా ఇంజనీరింగ్ సమస్యలుగానే ఉన్నాయి. ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్లు శ్రద్ధగా రాసిన బీటెక్ విద్యార్థికి వీటి మూలాలు అర్థమవుతాయి.

ఇక ఉక్కు సంగతి. 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ తగిలితే ఉక్కులోని పరమాణువులు వాటి స్థానాల నుంచి ఎగిరిపోవడమే కాదు, లోపల హీలియం కూడా పుడుతుంది. నూనెలో వేసిన పూరీ లాగా ఉక్కు లోలోపల బుడగలు కట్టి, కాలక్రమేణా పెళుసుబారుతుంది. పైగా మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఉండే నికెల్, మాలిబ్డినం, నియోబియం లాంటివి న్యూట్రాన్లు తగిలి దీర్ఘకాలం రేడియోధార్మికంగా ఉండిపోతాయి. అందుకని వాటిని తీసేసి, ఎనిమిది, తొమ్మిది శాతం క్రోమియంతో, టంగ్‌స్టన్, టాంటాలం కలిపి ప్రత్యేక ఉక్కు తయారుచేస్తారు. యూరప్‌కు యూరోఫర్ ఉంది, జపాన్‌కు ఎఫ్82హెచ్ ఉంది. మన దేశం కూడా సొంతంగా అలాంటి ఉక్కును అభివృద్ధి చేసింది. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, గాంధీనగర్ దగ్గరి ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్ (ఐపీఆర్) దాని వెనక ఉంటే, ఉక్కును కరిగించి పోసింది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని. ఈ ఉక్కు సుమారు 550 డిగ్రీల దాకానే గట్టిగా నిలుస్తుంది. ఇంకా పైకి వెళ్లాలంటే సూక్ష్మమైన ఆక్సైడ్ రేణువులు పొదిగిన ఉక్కు కావాలి. ఆ తరహా ఉక్కు మీద హైదరాబాద్‌లోనే ఏఆర్‌సీఐ సంస్థ పనిచేస్తోంది. మెటలర్జీలో సీటొస్తే ముఖం చిన్నబుచ్చుకునే విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. ఫ్యూజన్ రియాక్టర్ ఎన్నేళ్లు నడుస్తుందో తేల్చేది చాలావరకు ఈ లోహమే.

మరి ఈ పని ఎక్కడ జరుగుతోంది? ఫ్రాన్స్‌లో భారత్‌తో సహా ఏడుగురు భాగస్వాములు కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టర్‌లో గోడకు 440 బ్లాంకెట్ మాడ్యూళ్లు ఉంటాయి. కానీ అవి వేడిని తీసి, వెనకభాగాన్ని కాపాడతాయే తప్ప ట్రిటియాన్ని పుట్టించవు. బ్రీడింగ్‌ను పరీక్షించడానికి యూరప్, జపాన్, చైనా, కొరియాలు రూపొందిస్తున్న నాలుగు రకాల చిన్న మాడ్యూళ్లను విడిగా పెడతారు. ద్రవ సీసం-లిథియాన్ని, సిరామిక్ గుళికలను రెండింటినీ కలిపి వాడే డిజైన్ మన ఐపీఆర్ రూపొందించింది. ఆ నాలుగింటి జాబితాలో అది లేకపోయినా దానికోసం చేసిన లోహ, గుళిక, ద్రవలోహ పరిశోధన మన దగ్గరే ఉంది. బ్రిటన్ ఒక్క లిథియం నుంచి ట్రిటియాన్ని పుట్టించడం మీదే లిబ్ర్‌టీ అనే కార్యక్రమం నడుపుతోంది. స్పెయిన్‌లోని గ్రనాడా దగ్గర ఫ్యూజన్ తరహా న్యూట్రాన్లతో లోహాలను పరీక్షించే డోన్స్ కేంద్రం కడుతున్నారు. జపాన్‌లో 2019లో పుట్టిన క్యోటో ఫ్యూజనీరింగ్ అనే కంపెనీ ప్రధానంగా బ్లాంకెట్, ట్రిటియం, వేడి మార్పిడి లాంటి వ్యవస్థల మీద వ్యాపారం నిర్మించుకుంది. అమెరికాలోని కామన్‌వెల్త్ ఫ్యూజన్ తన ఆర్క్ రియాక్టర్‌కు కరిగిన ఫ్లోరైడ్ లవణాన్ని బ్లాంకెట్‌గా ఎంచుకుంది. పెట్టుబడి పెట్టినవాళ్లు సైతం ప్లాస్మా తర్వాతి అడ్డంకి ఎక్కడుందో గుర్తించారన్నదానికి ఇవి నిదర్శనాలు.

ఫ్యూజన్ ఎప్పుడూ ముప్పై ఏళ్ల దూరంలోనే ఉంటుందన్న మాట అందరూ అనేదే. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఐటర్ గడువులు మళ్లీ మళ్లీ వెనక్కి జరిగాయి. 2024లో ప్రకటించిన కొత్త ప్రణాళిక ప్రకారం పరిశోధనలు మొదలయ్యేది 2034లో, డ్యుటీరియం-ట్రిటియం ప్రయోగాలు 2039లో. ఈ గడువులు ఇంకా వెనక్కి జరగవని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే కెరీర్ లెక్కలో చూడండి. ఇవాళ ఇంటర్ చదువుతున్న విద్యార్థి 2039 నాటికి ముప్పై ఏళ్ల వయసులో, చేతిలో ఎనిమిది, తొమ్మిదేళ్ల అనుభవంతో ఉంటారు. డిజైన్లు కాగితం మీద నుంచి వర్క్‌షాప్‌కు దిగే కాలం, ఆ వ్యక్తి వృత్తిలో పదునెక్కిన కాలం ఒకటే అవుతాయి. ఒకవేళ ఇంకా ఆలస్యమైందే అనుకుందాం. అప్పుడు కూడా ఈ నైపుణ్యాలకు గిరాకీ ఉంటుంది. ద్రవలోహంతో వేడి తీయడం కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌లో సోడియంతో జరిగేదే. న్యూట్రాన్ల లెక్కలు ప్రతి అణు రియాక్టర్‌కూ కావాలి. 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు లక్ష్యమని 2025 కేంద్ర బడ్జెట్‌లోనే ప్రకటించారు. అధిక పీడన హీలియం, వేడిని తట్టుకునే ఉక్కు, ఖచ్చితమైన వెల్డింగ్ విద్యుత్ రంగంలోనూ అంతరిక్ష రంగంలోనూ అక్కరకొచ్చేవే. ప్లాస్మా సిద్ధాంతంలో పీహెచ్‌డీ చేసినవారికి ఇన్ని దారులు ఉండవు. అందుకే బ్లాంకెట్‌ను ఎంచుకోమంటున్నాను.

రెండో అభ్యంతరం మన దేశంలో ఉద్యోగాల గురించి. ఇందులో నిజం ఉంది. ఒక్క ఫ్యూజన్ కోసమే నియమించుకునే సంస్థ మన దగ్గర ప్రధానంగా ఐపీఆర్, దాని కిందే నడిచే ఐటర్-ఇండియా. పోస్టులు పరిమితం, పోటీ గట్టిది. ఐటీలో లాగా క్యాంపస్‌కు వచ్చి వందలమందిని తీసుకెళ్లే రంగం కాదిది, ఆ ఆశతో రాకండి. కానీ చుట్టూ ఉన్న పరిశ్రమను కూడా లెక్కలో వేసుకోవాలి. 3,850 టన్నుల ఐటర్ బాహ్య కవచాన్ని (క్రయోస్టాట్) గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ తయారుచేసింది. ఐటర్‌కు కావాల్సిన కూలింగ్ వాటర్ వ్యవస్థల్లో కొన్నింటిని అందించే బాధ్యత కూడా భారత్‌దే. ఇలాంటి పనుల్లో థర్మల్ డిజైనర్లు, పైపింగ్ ఇంజనీర్లు, వెల్డింగ్ నిపుణులు, లోహాన్ని కోయకుండా లోపాలు పట్టే పరీక్షకులు పనిచేస్తారు. డిప్లొమా, ఐటీఐ చదివినవాళ్లకు కూడా ఇక్కడ చోటుంది. బ్లాంకెట్ పెట్టెలో సన్నటి కూలింగ్ చానళ్లను లేజర్‌తోనో ఎలక్ట్రాన్ బీమ్‌తోనో లీకు లేకుండా అతకగలిగిన చేయి లేకపోతే ఎంత మంచి డిజైనైనా కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది.

ఐఐటీలో చదవకపోతే ఇందులోకి రాలేమా అని అడిగేవాళ్లుంటారు. రావచ్చు, సొంతంగా పని చేసి చూపగలిగితే. ఓపెన్‌ఎంసీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ న్యూట్రాన్ల ప్రయాణాన్ని లెక్కగడుతుంది, పైథాన్‌తో నడుస్తుంది, మామూలు లాప్‌టాప్ చాలు. న్యూట్రాన్ డేటా కూడా ఉచితంగా దొరుకుతుంది. ఒక గోళం గీయండి. మధ్యలో 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ మూలం పెట్టండి. చుట్టూ రెండు, మూడు సెంటీమీటర్ల ఉక్కు పొర, దాని వెనక మీటరు మందం సీసం-లిథియం పొర పెట్టి, ఎన్ని ట్రిటియాలు పుట్టాయో లెక్కించమనండి. ముందు ప్రకృతిలో దొరికే లిథియం వాడండి, అందులో లిథియం-6 ఏడున్నర శాతమే ఉంటుంది. తర్వాత దాన్ని తొంభై శాతానికి పెంచి చూడండి. నిష్పత్తి ఒకటికి బాగా పైన తేలుతుంది, సమస్య తీరిపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు పొర లోపల కూలింగ్ పైపుల ఉక్కును కలపండి, మందం తగ్గించండి, గోళానికి రంధ్రాలు పెట్టండి. మిగులు ఎలా జారిపోతుందో మీ కళ్లముందే కనిపిస్తుంది. ఆ గ్రాఫులతో ఒక మినీ ప్రాజెక్టు నివేదిక రాసి, కోడ్‌ను అందరికీ కనిపించేలా పెట్టండి. ఇంటర్వ్యూలో పది సర్టిఫికెట్ల కంటే అది ఎక్కువ మాట్లాడుతుంది. అమెరికా వాళ్ల ఎంసీఎన్‌పీ కోడ్ అడిగిన అందరికీ ఇవ్వరు, ఎగుమతి ఆంక్షలుంటాయి. కాబట్టి మొదలుపెట్టడానికి ఓపెన్‌ఎంసీనే మంచిది.

ఎవరు ఏం చదవాలన్నది బ్రాంచిని బట్టి తేలుతుంది. మెకానికల్ వాళ్లకు హీట్ ట్రాన్స్‌ఫర్, సీఎఫ్‌డీ, పీడన పాత్రల డిజైన్ నియమాలు ముఖ్యం. మెటలర్జీ వాళ్లకు క్రీప్, రేడియేషన్ వల్ల కలిగే నష్టం, వెల్డింగ్. ఫిజిక్స్ ఎంఎస్సీలకు న్యూట్రాన్ల లెక్కలు, అంటే న్యూట్రానిక్స్ సహజమైన దారి. నా దృష్టిలో అందరికంటే ఎక్కువ గిరాకీ ఉండబోయేది కెమికల్ ఇంజనీర్లకు. వేడెక్కిన ఉక్కు గుండా ట్రిటియం చొరబడి కూలింగ్ నీళ్లలోకి చేరుతుంది. దాన్ని అడ్డుకునే పూతలు, ద్రవలోహం నుంచి దాన్ని రాబట్టే పద్ధతులు, గ్రాము గ్రాముకూ లెక్క చెప్పే వ్యవస్థలు అన్నీ వాళ్ల పనే. లిథియం-6ను వేరుచేయడం ఇంకో పెద్ద ఖాళీ. గత శతాబ్దం మధ్యలో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో పాదరసం వాడి ఆ పని చేస్తే, ఆ పాదరసం చుట్టుపక్కల నేలనూ వాగులనూ పాడుచేసింది. పాదరసం లేకుండా పెద్ద ఎత్తున చేసే దారి కోసం పరిశోధన సాగుతోంది. వరంగల్ ఎన్ఐటీ, ఆంధ్ర విశ్వకళాపరిషత్, ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల కెమికల్, మెటలర్జీ విభాగాల్లో ఉన్నవాళ్లు ప్రాజెక్టు అంశం వెతుక్కుంటుంటే ఇంతకంటే మంచిది దొరకదు.

ప్రవేశ మార్గాలు క్లుప్తంగా చెబుతాను. భాభా అణు పరిశోధన కేంద్రం శిక్షణ పాఠశాల గేట్ స్కోరుతోనో సొంత ఆన్‌లైన్ పరీక్షతోనో, ఆపైన ఇంటర్వ్యూతో ఇంజనీర్లను, ఎంఎస్సీలను తీసుకుంటుంది. అక్కడి నుంచి ద్రవలోహం, ట్రిటియం, రియాక్టర్ పదార్థాల విభాగాలకు దారి ఉంది. ఐపీఆర్‌లో పీహెచ్‌డీకి జెస్ట్, గేట్, నెట్ లాంటి జాతీయ పరీక్షలు చూస్తారు, నిబంధనలు ఏటా నోటిఫికేషన్‌లో సరిచూసుకోవాలి. భారత్ భాగస్వామి కనుక మన పౌరులు ఐటర్ ఉద్యోగాలకు, ఇంటర్న్‌షిప్‌లకు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. పీహెచ్‌డీ అయినవాళ్లకు మొనాకో-ఐటర్ ఫెలోషిప్ ఉంది. యూరప్‌లో ఎంఎస్ చేయాలనుకుంటే జర్మనీలోని కార్ల్‌స్రూహే విద్యాసంస్థ బ్లాంకెట్ పరిశోధనకు పేరున్నది.

ట్రిటియం అవసరమే లేని ఇంధనాలు వస్తే ఈ చదువు దండగ కదా అన్నది ఇంకో ప్రశ్న. ప్రోటాన్-బోరాన్ ఇంధనానికి వంద కోట్ల డిగ్రీలకు పైబడిన ఉష్ణోగ్రత కావాలి, అయినా శక్తి రాబట్టడం చాలా కష్టం. అది సాధ్యమైన రోజున కూడా గోడను చల్లబరచాల్సిందే. రేడియేషన్ భయం ఉన్నవాళ్లకు ఒక మాట. డిజైన్ దశలో పని కంప్యూటర్ మీద, రేడియోధార్మికత లేని ప్రయోగ లూపుల మీద సాగుతుంది. అక్కడ జాగ్రత్త పడాల్సింది వేడి సీసం, బెరీలియం ధూళి, లిథియం విషయంలో. ట్రిటియం తాకే పని శిక్షణ పొందినవాళ్లు, కఠినమైన నిబంధనల మధ్య చేస్తారు.

ఎంఎస్సీ, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఐపీఆర్ వేసవి కార్యక్రమాలు నిర్వహిస్తుంది. ఆ ప్రకటన వచ్చేలోపు పైన చెప్పిన గోళం లెక్క ఒక్కటి పూర్తిచేసి పెట్టుకోండి. దరఖాస్తులో ఆసక్తి గురించి పేరా రాసే బదులు ఆ ఫలితాన్నే జతచేయండి.